పిల్లల పోషణ: ఊరికి తన లెక్క తెలియాలి

తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు 2015-16లో 28 శాతం. 2019 నాటికి ఆ సంఖ్య 33 శాతానికి పెరిగింది. ఎత్తుకు తగ్గ బరువు లేని పిల్లలు అదే కాలంలో 18 శాతం నుంచి దాదాపు 22 శాతానికి చేరారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగు, అయిదు విడతల మధ్య తేలిన తేడా ఇది. తెలుగు రాష్ట్రాల్లో అయిదో విడత వివరాల సేకరణ 2019లోనే జరిగింది కనుక నెపాన్ని కొవిడ్ మీదకు నెట్టేందుకు వీల్లేదు. ఆంధ్రప్రదేశ్ 31 శాతం దగ్గరే ఆగిపోయింది. ఆరోగ్య సూచీల్లో ఎప్పుడూ ముందుండే కేరళలో కూడా గిడసబారిన పిల్లల వాటా 20 శాతం నుంచి 23 శాతానికి పెరిగింది. ఆదాయం పెరిగినంత మాత్రాన పిల్లలు వాటంతటవే ఎదగరని ఈ లెక్కలు చెబుతున్నాయి.

పోషకాహార లోపానికి ఒక విచిత్ర లక్షణం ఉంది. అది ఎంత ఎక్కువగా ఉంటే అంత తక్కువగా కంటికి కనబడుతుంది. ఊళ్లో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరు పొట్టిగా ఉంటే, ఆ ఎత్తే మామూలనిపిస్తుంది. 'వాళ్ల నాన్న కూడా పొట్టే కదా' అనుకుని ఊరుకుంటారు. రోడ్డు మీద గుంతపడితే, కుళాయి ఎండిపోతే పంచాయతీ ఆఫీసుకు వెళ్లి అడిగే జనం, పిల్లవాడు మూడు నెలలుగా బరువు పెరగలేదని అడగరు. అందుకే ఈ సమస్య పరిష్కారంలో ప్రజల భాగస్వామ్యం గురించి అందరూ మాట్లాడతారు. అయితే ఆ మాటకు అసలు అర్థం ఏమిటి, అది ఎక్కడ పనిచేసింది, ఎక్కడ చేయలేదు అన్నవి తెలుసుకోవడం అవసరం.

మూడు కొలతలు, మూడు కథలు

పిల్లల పోషణ స్థితిని ప్రధానంగా మూడు కొలతలతో అంచనా వేస్తారు. వయసుకు తగ్గ ఎత్తు లేకపోవడం దీర్ఘకాలిక లోపానికి గుర్తు. కడుపులో ఉన్నప్పటి నుంచీ తిండి చాలకపోవడం, పదే పదే జబ్బుపడటం దీనికి కారణాలు. ఎత్తుకు తగ్గ బరువు లేకపోవడం, అంటే చిక్కిపోవడం, ఇటీవలి ఆకలికి లేదా జబ్బుకు గుర్తు. ప్రాణాపాయం దీనిలోనే ఎక్కువ. వయసుకు తగ్గ బరువు లేకపోవడం ఈ రెండింటి కలగలుపు. ఏది లోపమో, ఏది కాదో తేల్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన ఎదుగుదల ప్రమాణాలే ఆధారం. మంచి పోషణ, సంరక్షణ అందితే ఏ దేశపు పిల్లలైనా చిన్న వయసులో దాదాపు ఒకేలా ఎదుగుతారని ఆ ప్రమాణాల కోసం జరిపిన అధ్యయనంలో తేలింది. దానికోసం ఎంచుకున్న నగరాల్లో ఢిల్లీ కూడా ఉంది.

దేశం మొత్తం మీద చూస్తే 2005-06లో 48 శాతం పిల్లలు గిడసబారి ఉన్నారు. 2019-21 నాటికి అది 35.5 శాతానికి తగ్గింది. ఇది చిన్న విజయం కాదు. కానీ చిక్కిపోయిన పిల్లల వాటా అదే కాలంలో 19.8 నుంచి 19.3 శాతానికి మాత్రమే వచ్చింది. అంటే పదిహేనేళ్లలో దాదాపు కదలిక లేదు. పిల్లల్లో రక్తహీనత 2015-16లో 58.6 శాతం ఉండగా 2019-21లో 67.1 శాతానికి పెరిగింది. తెలంగాణలో ఇది 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం.

వెయ్యి రోజుల గడువు

గర్భం దాల్చిన రోజు నుంచి బిడ్డకు రెండేళ్లు నిండేదాకా సుమారు వెయ్యి రోజులు. మెదడు, ఎముకలు, రోగనిరోధక శక్తి చాలావరకు ఈ కాలంలోనే రూపుదిద్దుకుంటాయి. అప్పుడు పోయిన ఎత్తును తర్వాత పూర్తిగా రాబట్టడం కష్టం. మన ప్రభుత్వ వ్యవస్థలో అతి పెద్ద లొసుగు ఇక్కడే ఉంది. అంగన్‌వాడీకి రోజూ వచ్చి భోంచేసేది మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు. బడిలో మధ్యాహ్న భోజనం ఆరేళ్లు దాటిన వారికి. ఎదుగుదల కుంటుపడే ఆరు నెలల నుంచి రెండేళ్ల వయసు పిల్లలు మాత్రం ఇంట్లోనే ఉంటారు. వారికి అందేది నెలకో రెండు వారాలకో ఇచ్చే పొడి ప్యాకెట్.

ఆ ఇంట్లో ఏం జరుగుతోంది? అయిదో విడత సర్వే ప్రకారం దేశంలో 88.6 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. అయినా పుట్టిన గంటలోపు తల్లిపాలు అందుతున్నది 41.8 శాతం మందికే. సిజేరియన్ కాన్పులు 60 శాతం దాటిన తెలంగాణలో తల్లీబిడ్డలను వెంటనే ఒకచోట చేర్చడం ఇంకా కష్టం. ఆరు నుంచి ఇరవై మూడు నెలల పిల్లల్లో తగినన్నిసార్లు, తగినన్ని రకాల ఆహారం తింటున్నవారు దేశవ్యాప్తంగా 11.3 శాతమే. అన్నప్రాసన ఘనంగా చేసే ఇళ్లలోనూ ఆ మర్నాటి నుంచి బిడ్డకు పెట్టేది పలుచని పప్పుకట్టు కలిపిన అన్నం, ఒక బిస్కెట్. గుడ్డు, ఆకుకూర, నూనె లేదా నెయ్యి, మెత్తగా చిదిమిన పప్పు అందులో కనబడవు.

తల్లి సంగతి మరీ అన్యాయం. ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందన్న భయం చాలా ఇళ్లలో ఇంకా ఉంది. కాన్పయ్యాక బాలింత పథ్యం పేరుతో కూరలు, పండ్లు, పాలు తగ్గిస్తారు. దానికి బాల్యవివాహాలు తోడు. ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల మహిళల్లో 18 ఏళ్లు నిండకుండానే పెళ్లయినవారు దేశంలో 23.3 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. తానే ఇంకా ఎదగాల్సిన అమ్మాయి కడుపులో బిడ్డ ఎదగాలంటే ఇద్దరికీ చాలదు.

వ్యవస్థ ఎలా వచ్చింది

భారత్‌లో పోషకాహార పరిశోధన పాతదే. 1918లో కూనూరులో చిన్న ప్రయోగశాలగా మొదలైన సంస్థే తర్వాత హైదరాబాద్‌కు తరలి, ఇప్పుడు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా ఉంది. సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో ప్రయోగంగా మొదలైంది. అదే నేడు దాదాపు 14 లక్షల అంగన్‌వాడీ కేంద్రాల వ్యవస్థ అయింది.

ఆ విస్తరణ ప్రభుత్వాలు తమంతట తాము ఇచ్చిన వరం అనుకుంటే పొరపాటు. 2001లో గోదాముల్లో ధాన్యం మూలుగుతుంటే పల్లెల్లో ఆకలి ఉందంటూ పౌరహక్కుల ప్రజా సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ ఏడాది నవంబరు 28న కోర్టు ఆహార పథకాలను ప్రజల హక్కులుగా గుర్తిస్తూ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. బడుల్లో వండిన భోజనం దేశమంతటా వచ్చింది దాని వల్లే. 2006 డిసెంబరులో అంగన్‌వాడీ సేవలను ప్రతి ఆవాసానికీ విస్తరించాలని ఆదేశించింది. ఈ ఒత్తిడికి కొనసాగింపుగా 2013లో జాతీయ ఆహార భద్రత చట్టం వచ్చింది. సమష్టి కార్యాచరణకు తొలి పాఠం ఇదే: ఆహారం హక్కుగా మారింది అడిగినవారు ఉన్నందువల్ల.

2018 మార్చి 8న రాజస్థాన్‌లోని ఝున్‌ఝునూలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ పోషణ్ అభియాన్ ప్రారంభించారు. గిడసబారడాన్ని, తక్కువ బరువును ఏటా 2 శాతం పాయింట్ల చొప్పున తగ్గించాలన్నది లక్ష్యం. దీనిలో 'జన ఆందోళన్' ఒక ముఖ్య భాగం. సెప్టెంబరును పోషణ మాసంగా జరుపుతున్నారు. ర్యాలీలు, ముగ్గుల పోటీలు, ప్రతిజ్ఞలు జరుగుతాయి. వాటిని తీసిపారేయనక్కర్లేదు. కానీ అక్టోబరులో ఏం జరుగుతుందన్నదే అసలు ప్రశ్న.

ఎక్కడ ఫలించింది

తమిళనాడులో 1980లో మొదలైన సమగ్ర పోషకాహార ప్రాజెక్టు ఒక సరళమైన సూత్రం మీద నడిచింది. మూడేళ్లలోపు పిల్లలందరినీ నెలనెలా తూచారు. బరువు పెరగని బిడ్డకు మాత్రమే, అదీ మూడు నెలలపాటు అదనపు ఆహారం ఇచ్చారు. తల్లికి ఎదుగుదల చార్టు చూపించి మాట్లాడారు. గ్రామంలోని మహిళా బృందాలు ఆ పనిలో చేయి కలిపాయి. తీవ్రమైన లోపం బాగా తగ్గింది. ఇక్కడ తూకం రికార్డు కోసం జరగలేదు. తూకం తర్వాత ఏదో ఒకటి జరిగింది, అది తల్లి కళ్లముందే జరిగింది.

తెలుగు నేల మీద ఇంకో ప్రయోగం జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000ల చివరి సంవత్సరాల్లో మహిళా గ్రామ సమాఖ్యలు పోషకాహార, సంరక్షణ కేంద్రాలు నడిపాయి. గర్భిణులు, బాలింతలు అక్కడికే వచ్చి భోంచేసేవారు. 2013లో ఆ ఆలోచననే అంగన్‌వాడీల ద్వారా అమృత హస్తం పథకంగా తెచ్చారు. తెలంగాణలో 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి పేరుతో ఒక పూట నిండు భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇవ్వడం మొదలైంది. కర్ణాటక 2017లో మాతృపూర్ణ పేరిట ఇలాంటి పథకమే తెచ్చింది.

కేంద్రంలో కూర్చుని తినడానికీ, సరుకులు ఇంటికి తీసుకెళ్లడానికీ చాలా తేడా ఉంది. ఇంటికి వెళ్లిన గుడ్లను తల్లి అందరికీ పంచుతుంది. ముందు మగవాళ్లకు, పిల్లలకు పెట్టి మిగిలితే తాను తింటుంది. కేంద్రంలో ఆమె పళ్లెం ఆమెదే. పక్కన మరో నలుగురు గర్భిణులు తింటుంటే అత్తగారి అభ్యంతరాలూ మెత్తబడతాయి. అయితే కేంద్రం దూరమైతే, కూలికి వెళ్లే రోజైతే, కలిసి తినడానికి కులం అడ్డొస్తే ఈ పద్ధతి దెబ్బతింటుంది. కొవిడ్ కాలంలో కేంద్రాలు మూతపడి సరుకులు ఇంటికి ఇవ్వడం మొదలయ్యాక ఆ ఉమ్మడి పంక్తి అలవాటు చాలాచోట్ల చెదిరిపోయింది.

మహారాష్ట్రలో 2005లో రాజమాత జిజావు పేరుతో పోషకాహార మిషన్ ఏర్పడింది. మేళ్‌ఘాట్ వంటి ఆదివాసీ ప్రాంతాల్లో పిల్లల మరణాలపై పత్రికలు, స్వచ్ఛంద సంస్థలు, కోర్టులు ఏళ్ల తరబడి నిలదీయడం దాని వెనుక నేపథ్యం. రెండేళ్లలోపు పిల్లల్లో గిడసబారినవారు మూడో వంతుకు పైగా ఉండగా, 2012 సర్వే నాటికి నాలుగో వంతుకన్నా తగ్గారు. అందులో అంగన్‌వాడీ ఖాళీల భర్తీ, శాఖల మధ్య సమన్వయం, రెండేళ్లలోపు వయసుపై దృష్టి అన్నీ కలిశాయి.

జార్ఖండ్, ఒడిశా ఆదివాసీ జిల్లాల్లో ఏక్‌జుట్ అనే సంస్థ మహిళా సమావేశాలు నడిపింది. నెలకోసారి గ్రామ మహిళలు కూర్చుని బొమ్మల కార్డులు, కథల సాయంతో తమ సమస్యలను తామే గుర్తించి పరిష్కారాలు వెతికారు. ఈ సమావేశాలు జరిగిన చోట నవజాత శిశు మరణాలు 32 శాతం తక్కువగా నమోదయ్యాయని 2010లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. ఉపన్యాసం ఇవ్వడం కంటే ప్రశ్న వేయడం ఎక్కువ పనిచేస్తుందనడానికి ఇది నిదర్శనం.

ఎక్కడ ఆగిపోయింది

అదే ప్రాంతంలో అదే పద్ధతిని పోషకాహారానికి వర్తింపజేసినప్పుడు ఫలితం మిశ్రమంగా వచ్చింది. మహిళా సమావేశాలకు తోడు కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి సలహాలు ఇచ్చారు. 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం పిల్లల ఆహారంలో వైవిధ్యం పెరిగింది, శిశు మరణాలు తగ్గాయి. కానీ పిల్లల ఎత్తులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తెలివి చెప్పడం ప్రాణాలు కాపాడగలదు. తిండి, తల్లి సమయం, జబ్బుల నివారణ కలవకుండా ఎత్తును మాత్రం పెంచలేదు.

సమయం గురించి చర్చ మనదగ్గర తక్కువ. పత్తి ఏరే రోజుల్లో, మిరపకోతల్లో, నాట్లప్పుడు తల్లి తెల్లవారుజామునే పొలానికి వెళ్తుంది. ఏడాది బిడ్డ అక్క దగ్గరో నాయనమ్మ దగ్గరో ఉంటుంది. ఆ వయసు బిడ్డకు కొద్దికొద్దిగా, రోజుకు నాలుగైదుసార్లు, దగ్గర కూర్చుని తినిపించాలి. అది ఎవరు చేస్తారు? ఛత్తీస్‌గఢ్‌లో జన్ స్వాస్థ్య సహయోగ్ సంస్థ ఆదివాసీ గ్రామాల్లో ఫుల్వారీల పేరుతో శిశు సంరక్షణ కేంద్రాలు నడిపి దీనికి దారి చూపింది. ఊరి మహిళలే మూడేళ్లలోపు పిల్లలను పగలంతా చూసుకుని, వండి తినిపిస్తారు. ఉపాధి హామీ చట్టంలోనూ పని స్థలానికి అయిదుగురు లేదా అంతకు మించి చిన్నపిల్లలు వస్తే వారిని చూసుకునేందుకు ఒకరిని నియమించాలన్న నిబంధన ఉండేది. అది అమలైన చోటు వెతుక్కోవలసి వచ్చింది.

ఇక డబ్బు. అనుబంధ పోషకాహారం కింద ఆరు నెలల నుంచి ఆరేళ్లలోపు బిడ్డకు రోజుకు 8 రూపాయలు, గర్భిణికి 9.50, తీవ్ర లోపం ఉన్న బిడ్డకు 12 రూపాయలు అని 2017లో కేంద్రం నిర్ణయించింది. ఆ ఎనిమిది రూపాయల్లో 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు రావాలన్నది అప్పటి నిబంధన. గుడ్డు ధర తెలిసిన ఎవరికైనా ఈ లెక్క ఎంత ఇరుకో అర్థమవుతుంది. గుడ్డు, పాలు ఇస్తున్న రాష్ట్రాలు సొంత నిధులు కలుపుతున్నాయి. ఆహార భద్రత చట్టం ప్రకారం గర్భిణులకు కనీసం 6 వేల రూపాయల ప్రసూతి సాయం అందాలి. అమల్లో మాత్రం కేంద్ర పథకం తొలి కాన్పుకు 5 వేలు ఇస్తుంది, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితేనే 6 వేలు. ప్రజల భాగస్వామ్యం అంటూ ప్రభుత్వం తన వంతును జనం నెత్తిన పెడితే అది ఉద్యమం అనిపించుకోదు.

పొరుగు దేశాల పాఠం

నేపాల్‌లో గిడసబారిన పిల్లలు 2001లో 57 శాతం. 2022 నాటికి 25 శాతం. బంగ్లాదేశ్‌లో 2004లో 51 శాతం ఉండగా 2022 నాటికి 24 శాతానికి తగ్గారు. రెండూ మనకంటే పేద దేశాలే. నేపాల్ 1988 నుంచి గ్రామ మహిళలనే ఆరోగ్య వలంటీర్లుగా తీసుకుంది. వారి సంఖ్య 50 వేలు దాటింది. అంతర్యుద్ధం నడుస్తున్నప్పుడు కూడా వారు విటమిన్ ఎ చుక్కలు ఇంటింటికీ చేర్చారు. బంగ్లాదేశ్‌లో ఆడపిల్లల చదువు, మరుగుదొడ్లు, కుటుంబ నియంత్రణ, మహిళల ఉపాధి కలిసి పనిచేశాయి. పాకిస్తాన్‌లో 2018లో ఇంకా 40 శాతం పిల్లలు గిడసబారే ఉన్నారు. ఈ తేడాలో మహిళల చదువు, స్థితి పాత్ర పెద్దది.

మన ఊళ్లో ఏం చేయవచ్చు

అంగన్‌వాడీ టీచరు ప్రతి నెలా పిల్లల బరువు, ఎత్తు తీసి పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కిస్తుంది. ఆ లెక్క పైకి వెళ్తుంది, గ్రామసభకు రావడం మాత్రం అరుదు. పిల్లల పేర్లు బయటపెట్టకుండా సంఖ్యలు మాత్రమే నెలనెలా కేంద్రం గోడ మీద రాయవచ్చు: రెండేళ్లలోపు పిల్లలు ఎందరు, తూచింది ఎందరిని, బరువు పెరగనిది ఎందరు, గుడ్లు వచ్చింది ఎన్ని రోజులు. ఈ నాలుగు గీతలు చూస్తే ఏ వార్డు సభ్యుడికైనా ఏం అడగాలో తెలుస్తుంది.

గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ ప్రతి పంచాయతీలో కాగితం మీద ఉంది. ఆహార భద్రత చట్టం 28వ సెక్షన్ సామాజిక తనిఖీకి అవకాశమిస్తోంది. ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశానికే దారి చూపింది. ఆ అనుభవాన్ని అంగన్‌వాడీ సరుకులకు వర్తింపజేయడం కొత్త విద్యేమీ కాదు. పొదుపు సంఘాల నెలవారీ సమావేశంలో అప్పుల వాయిదాల తర్వాత పావుగంట పిల్లల ఎదుగుదలకు కేటాయిస్తే తల్లులతోపాటు అత్తలూ వింటారు. పొలం పనుల కాలంలో శిశు సంరక్షణ కేంద్రం నడపడం, అంగన్‌వాడీ పెరట్లో మునగ, బొప్పాయి, కరివేపాకు పెంచడం సంఘాలు చేయగల పనులు. తండ్రులను తూకం రోజున పిలవడం కూడా అంతే ముఖ్యం. ఇంటికి ఏం కొనాలో నిర్ణయించేది చాలాచోట్ల వారే.

ఈ బాధ్యతలన్నీ చివరికి అంగన్‌వాడీ టీచరు భుజాల మీదే పడకూడదు. 2018లో పెంచాక కూడా టీచరుకు కేంద్రం లెక్క ప్రకారం వచ్చే గౌరవ వేతనం నెలకు 4,500 రూపాయలు, ఆయాకు 2,250. మిగతాది రాష్ట్రాలు కలపాలి. సర్వేలు, ఎన్నికల పనులు, యాప్‌లు అన్నీ ఆమెకే అప్పగించి, రెండేళ్లలోపు బిడ్డ ఇంటికి వెళ్లి తల్లితో అరగంట మాట్లాడమంటే సాధ్యం కాదు. రెండో కార్యకర్తను ఇవ్వాలన్న డిమాండ్‌ను సంఘాలు, పంచాయతీలు కూడా తమదిగా చేసుకోవాలి.

పిల్లల పోషణలో ఊరి పని, సర్కారు పని వేర్వేరు. గుడ్డు, పాలు, వేతనం, ఆసుపత్రి సర్కారు ఇవ్వాలి. ఇచ్చింది బిడ్డ నోటికి చేరిందా, తల్లి పళ్లెంలోకి వచ్చిందా అని చూడాల్సింది ఊరు. మొదటిది లేకుండా రెండోది ఉత్త ప్రచారం అవుతుంది. రెండోది లేకుండా మొదటిది మధ్యలో ఇంకిపోతుంది. ఈ రెండింటికీ ఆరంభం ఒక్కటే. మన ఊళ్లో రెండేళ్లలోపు పిల్లలు ఎందరు, వారిలో గత నెల బరువు పెరగనిది ఎందరు? ఈ ప్రశ్నకు వచ్చే గ్రామసభలో ఎవరో ఒకరు జవాబు చెప్పగలగాలి.